అత్తగారి షుగరు, బంటి షుగరు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారాలు. మాది పాలకొల్లు పక్క పల్లె. మా అబ్బాయి బెంగళూరులో ఉండగా ఫెర్రెట్ అనే జంతువును కొనుక్కున్నాడు. కంపెనీ వాళ్లు పై దేశం పంపితే దాన్ని మా దగ్గర వదిలి వెళ్లాడు. పేరు బంటి. మగది, నాలుగేళ్లు నిండాయి. పిల్లగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేసి అమ్మారట. చూడ్డానికి ముంగిసలా ఉంటుంది, మా మనవరాలికి అదంటే ప్రాణం. రెండు నెలలుగా తోక మీద బొచ్చు రాలుతోంది, ఇప్పుడు నడుం దాకా పల్చబడింది. మందుల షాపు అతను తామర అని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. ఈ వారంలో రెండుసార్లు తెల్లవారుజామున వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, ఎటో చూస్తూ, చొంగ కార్చుకుంటూ ఉండిపోయింది. కాసేపటికి అదే లేచి తిరిగింది. మా వారు ‘ముసలిదైంది, పైగా ఈ ఎండలు’ అంటారు. ఇన్సులిన్ వేసుకునే మా అత్తగారు ‘షుగరు పడిపోతే నాకూ ఇలాగే అవుతుందే’ అన్నారు, అందరం నవ్వాం. పెరుగన్నం, చికెన్ తింటుంది. మనవరాలు పూతరేకులు, కాజా పెడితే మహా ఇష్టం. అమ్మినవాడు పదిహేనేళ్లు బతుకుతుందన్నాడట. నిజమేనా? అసలు దీనికి ఏమైంది?

జవాబు:

అమ్మా,

ముందు ఒక పని చేసి రండి, తక్కినది తర్వాత చదువుకోవచ్చు. చిన్న సీసాలో కాస్త తేనె పోసి, నాలుగు ఇయర్ బడ్స్‌తో కలిపి బంటి పడుకునే చోట పెట్టండి. తేనె లేకపోతే చిక్కటి పంచదార పాకం చాలు. మళ్లీ కాళ్లు ఈడ్చినా, కొయ్యబారిపోయినా, ఫిట్స్ వచ్చినా ఆ తేనెను బడ్‌తో చిగుళ్లకు రాయండి. గొంతులో పోస్తే పొలమారుతుంది, పోయకండి. వేలు నోట్లో పెట్టకండి, ఆ స్థితిలో అది మిమ్మల్ని గుర్తుపట్టదు, గట్టిగా కొరుకుతుంది. తేరుకోగానే ఉడికిన మాంసం నాలుగు ముక్కలు తినిపించండి. ఫిట్స్ వచ్చిందంటే మాత్రం తేరుకున్నా సరే, అదే రోజు డాక్టరు దగ్గరుండాలి.

ఇంకోటి, ఇవాళ్టి నుంచి పూతరేకులు, కాజాలు బంద్. ఆత్రేయపురం నుంచి వచ్చినా, తాపేశ్వరం నుంచి వచ్చినా సరే. తేనె రాయమంటూనే తీపి మానమంటాడేమిటి ఈయన అనుకుంటున్నారా? దానికి జవాబు మీ అత్తగారి దగ్గరే ఉంది. ఇంటిల్లిపాదీ నవ్వారు గానీ, ఆవిడ చెప్పిందే సరైనదని నా అనుమానం.

ఇన్సులిన్ వేసుకుని టిఫిను ఆలస్యమైన రోజు ఆవిడకు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. చెమటలు, కళ్లు తేలేయడం, కాళ్లు చచ్చుబడటం, పిలిస్తే పలకకపోవడం. బంటికి బయటి నుంచి ఎవరూ ఇన్సులిన్ వేయడం లేదు, దాని క్లోమంలోనే మితిమీరి తయారవుతోంది. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు చిన్న చిన్న గడ్డలు కట్టి, అదుపు లేకుండా ఇన్సులిన్ వదులుతూ ఉంటాయి. దీన్ని ఇన్సులినోమా అంటారు. కుక్కల్లో, మనుషుల్లో అరుదు. ఫెర్రెట్లలో మూడు నాలుగేళ్లు దాటాక ఇంత మామూలుగా వచ్చే జబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తోక సంగతి తర్వాత చెబుతాను, మీరు రాసిన తక్కిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. రాత్రంతా తినక కడుపు ఖాళీ అయ్యాక తెల్లవారుజామున రావడం, వెనక కాళ్లు పట్టు తప్పడం, శూన్యంలోకి చూడటం, చొంగ. ముందు కాళ్లతో మూతిని గోక్కుంటోందేమో కూడా చూడండి. అది కడుపులో వికారానికి గుర్తు.

ఇప్పుడు పూతరేకు సంగతి. తీపి తినగానే నెత్తుట్లో చక్కెర ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ చక్కెరను చూసి గడ్డలు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతాయి. గంటో రెండు గంటలో గడిచాక చక్కెర మొదటికంటే కిందికి పడుతుంది. పిల్ల ముద్దుగా పెట్టిన ముక్కే కాసేపటికి దాన్ని పడగొట్టవచ్చు. పడిపోయినప్పుడు తేనె రాయడం ప్రాణం నిలబెట్టడానికి, అందుకే వెనువెంటనే మాంసం పెట్టమన్నాను. అందులోని మాంసకృత్తులు, కొవ్వు నిదానంగా అరుగుతూ చక్కెరను నిలకడగా ఉంచుతాయి.

నిర్ధారణకు రక్తంలో చక్కెర చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్‌కు సుమారు 90 నుంచి 125 ఉంటుంది. ఇలాంటి లక్షణాలతో పాటు 60 లోపు వచ్చిందంటే ఇక పెద్దగా అనుమానించనక్కర్లేదు. మీ అత్తగారి మీటరు వెంట తీసుకెళ్లండి, గేదెలకు చూసే ఆసుపత్రిలో ఆ క్షణానికి మీటరు ఉండకపోవచ్చు. కాకపోతే మనుషుల మీటర్లు ఫెర్రెట్ నెత్తుటికి అసలు కంటే కొంచెం తక్కువ చూపిస్తాయి, ఆ మాట డాక్టరుతో చెప్పి, కుదిరితే ల్యాబులో కూడా చేయించండి. మీరు ఇంట్లో పొడిచి చూసే ప్రయత్నం చేయొద్దు. మన షుగరు పరీక్షలా రాత్రంతా పస్తు ఉంచడం అసలే వద్దు. దాని పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. పరీక్షకు మూడు గంటలు తినకుండా ఉంటే సరిపోతుంది, అదీ ఆసుపత్రిలో డాక్టరు కళ్ల ముందు.

వైద్యం రెండు రకాలు. ప్రెడ్నిసొలోన్ మందుతో చక్కెరను నిలబెట్టవచ్చు, అది చాలనప్పుడు డయజాక్సైడ్ కలుపుతారు. ఆపరేషన్ చేసి గడ్డలున్న క్లోమం ముక్క తీసేయవచ్చు. మందులు గడ్డను కరిగించవు, లక్షణాలను అణచి పెడతాయి. మందులతో నెలలు, ఆపరేషన్ బాగా కుదిరితే ఏడాది, రెండేళ్లు హాయిగా గడిపినవి ఉన్నాయి. ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాక మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు. నాలుగు గంటలకోసారి తిండి అందుబాటులో ఉండాలి, రాత్రిపూట కూడా. అర్ధరాత్రి ఎవరైనా మంచినీళ్లకు లేస్తే దాని గిన్నె వైపు ఒక చూపు చూడటం అలవాటు చేసుకోండి.

ఇక తోక. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగమంతా గేదెల వెంట, కోళ్ల ఫారాల వెంట తిరిగినవాణ్ణి. మొదటిసారి ఫెర్రెట్‌ను నా బల్ల మీద పెట్టినప్పుడు నేనూ తోక చూసి తామరే అనుకున్నాను. ఆరు వారాలు పూత మందు రాయించాను. ఆ పాపం జీవి ఓపిగ్గా రాయించుకుంది, బొచ్చు మాత్రం నడుం దాటి భుజాల దాకా పోయింది. అప్పుడు పుస్తకాలు తిరగేశాను. కాబట్టి మీ షాపు అతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు గానీ, ఆ ఆయింట్‌మెంట్ ఆపేయండి. ఫెర్రెట్ ఒళ్లంతా నాక్కుంటుంది, రాసిందంతా కడుపులోకే.

తోక ఒక్కటే బోసిపోతే అది రుతువును బట్టి వచ్చి పోయేది కావచ్చు. తోకతో మొదలై రెండు పక్కలా సమానంగా నడుం మీదికి పాకిందంటే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని అనుమానించాలి. ఇదీ నడివయసు ఫెర్రెట్ల జబ్బే. చాలాసార్లు ఇన్సులినోమా, ఇదీ ఒకే జంతువులో జంటగా కనిపిస్తాయి. మీరు ‘పిల్లగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు’ అని రాసిన వాక్యం నాకు ముఖ్యం. వృషణాలో అండాశయాలో ఉన్నంతకాలం అవి మెదడుకు ‘ఇక చాలు’ అని కబురు పంపుతుంటాయి. వాటిని తీసేస్తే చెప్పేవాడు లేక మెదడు ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. ఆ ఆజ్ఞలు అడ్రినల్ గ్రంథి అందుకుని, తన పని కాని లైంగిక హార్మోన్లు తయారుచేస్తూ ఏళ్ల తరబడి పెరిగి గడ్డ కడుతుంది. పొద్దు ఎంతసేపు ఉంటే ఆ ఆజ్ఞలు అంత ఎక్కువ. రాత్రి పదకొండు దాకా సీరియళ్లు నడిచే హాల్లో గూడు పెడితే దానికి ఏడాది పొడవునా వేసవే. గూటిని వెనక గదికి మార్చి రోజుకు పన్నెండు గంటలైనా చీకట్లో ఉండేలా చూడండి.

మగదానిలో ఈ జబ్బుకు ఒక ప్రమాదకరమైన మలుపు ఉంది. ప్రొస్టేట్ ఉబ్బి మూత్రం దారిని నొక్కేస్తుంది. బంటి పదేపదే ముక్కుతూ, చుక్క చుక్కగా పోస్తూ, లేదా అసలు పోయలేక అరుస్తూ ఉంటే మర్నాటి దాకా ఆగకండి. ఒక్క రోజులో ప్రాణం మీదికి వస్తుంది. మామూలు పరిస్థితిలో మాత్రం దీనికి మంచి మందే ఉంది. డెస్లోరెలిన్ అని, బియ్యపు గింజంత కడ్డీని చర్మం కింద పెడతారు. ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పనిచేస్తుంది, బొచ్చు తిరిగి వస్తుంది. ఊరికి దూరంగా వెళ్లే ముందు ఫోను చేసి అది ఉందో, తెప్పిస్తారో అడగండి. లేకుంటే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఉంటుంది, తరచూ వేయించుకోవాలి. స్కానింగ్‌లో అడ్రినల్‌తో పాటు ప్లీహం, కడుపులో గడ్డలు కూడా చూడమనండి. ఫెర్రెట్లలో మూడో పెద్ద శత్రువు లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సరు.

ఇది చదివే ఆడ ఫెర్రెట్ యజమానులు ‘అయితే ఆపరేషనే మానేద్దాం’ అనుకోవద్దు. ఆడది ఎదకు వస్తే మగదానితో కలిసేదాకా అండం విడుదల కాదు, ఎద దిగదు. వారాల తరబడి ఈస్ట్రోజన్ పెరిగి ఎముకల మూలుగును ఎండగట్టి, నెత్తురు తయారీ ఆగిపోయి చచ్చిపోతుంది. దానికి ఆపరేషనో, అదే కడ్డీయో తప్పదు.

పదిహేనేళ్ల మాటకు వద్దాం. అమ్మినవాడు ఏం చూసి అన్నాడో గానీ, ఇంట్లో పెరిగే ఫెర్రెట్లు సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. పదేళ్లు చూసినవి ఉన్నాయి, తక్కువ. కాబట్టి మీ వారన్న ‘ముసలిది’ కూడా పూర్తిగా నిజం కాదు, మన లెక్కలో బంటి నలభై దాటిన మనిషి. ఆ వయసులో నాన్నగారు పొద్దున్నే కాళ్లు చచ్చుబడి పడిపోతే ‘వయసైపోయింది’ అని మంచం మీద వదిలేస్తామా? ఇదీ అంతే.

ఎండల విషయంలో మాత్రం మీ వారి మాటలో సగం కంటే ఎక్కువే నిజం ఉంది. ఫెర్రెట్ ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి వచ్చింది. కుందేళ్ల బొరియల్లో దూరి తరమడానికి రెండు వేల ఏళ్లుగా మచ్చిక చేసుకున్నారు. ముంగిసతో దగ్గరి చుట్టరికం లేదు. మన కోరంగి మడల్లో తిరిగే నీటికుక్కకు మాత్రం దాయాది. చల్లటి దేశపు ప్రాణి, చెమట పట్టే ఒళ్లు కాదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 32 దాటితే ప్రాణాపాయం. మన దగ్గర రోహిణి కార్తెలో నీడలోనే అంతకంటే ఎక్కువ. రాజమండ్రి ఎండ కంటే మీ వైపు ఉక్కే దీనికి ఎక్కువ చేటు, గాలిలో తేమ నిండి ఉంటే కూలర్ పెట్టినా గది చల్లబడదు, ఇంకా ముద్దగా తయారవుతుంది. ఏసీ గది ఒక్కటైనా ఉంటే పగలు దాన్ని అక్కడే ఉంచండి. కరెంటు పోయే రోజులకు నీళ్ల సీసాలు నాలుగు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచి, తువ్వాలు చుట్టి గూట్లో పెట్టండి. పెద్ద మట్టి కుండ అడ్డంగా పడుకోబెట్టి పైన తడిగుడ్డ వేస్తే అదే పోయి దూరుతుంది. రేకుల వసారా, కారు డిక్కీ, మధ్యాహ్నం మేడ మీది గది, ఈ మూడూ దానికి కొలిమిలాంటివి. నోరు తెరిచి వగరుస్తూ, ముక్కు, నాలుక ఎర్రబడి, నేలకు అతుక్కుపోయిందంటే వడదెబ్బ. మామూలు నీళ్లతో పొట్ట, పాదాలు తడిపి ఫ్యాను వేయండి, ఐసు నీళ్లలో ముంచకండి. ఆ తర్వాత ఆసుపత్రికి.

ఒక్క తేడా గమనించండి. ఎండదెబ్బ మధ్యాహ్నం వస్తుంది, ఒళ్లు కాలిపోతుంది. మీరు రాసింది తెల్లవారుజామున, చల్లటి వేళ. ఇంకో భయం కూడా తీర్చేస్తాను. ఇది రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది. ఒక్కోసారి ఎత్తి ఊపినా లేవనంత మొద్దునిద్ర. లేచాక వెంటనే గంతులేస్తే అది నిద్రే. లేచినా కళ్లు తేలేసి తూలుతుంటే తేనె సీసా అందుకోండి.

తిండి. ఇది మాంసం తప్ప మరేదీ అరగని జీవి. పెరుగన్నం, బిస్కెట్లు, పాలు మానిపించండి, మొక్కల నుంచి వచ్చే తిండి ఎక్కువైతే మూత్రంలో రాళ్లు కూడా రావచ్చు. పిల్లి పిల్లల కోసం అమ్మే మంచి రకం గింజల దాణా, అందులోనూ మాంసం మొదట రాసి ఉన్నది, దీనికి దగ్గరగా సరిపోతుంది. కోడి మాంసం, కోడి కార్జం, గుడ్డు పైన ఇవ్వచ్చు, ఉప్పూ కారం లేకుండా ఉడికించి. పచ్చి కోడి మాంసం వద్దు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ తేలింది మీకు గుర్తుండే ఉంటుంది. ఫెర్రెట్‌కు ఫ్లూ అంటే మహా సులువుగా అంటుకుంటుంది. 1933లో లండన్‌లో మనుషుల ఫ్లూ వైరస్‌ను తొలిసారి పట్టుకున్నది కూడా రోగుల గొంతు కడిగిన నీళ్లు ఫెర్రెట్ల ముక్కుల్లో వేసే. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా మనవరాలితో సహా దానికి దూరం ఉండాలి. దానికి జలుబు చేస్తే జ్వరం మాత్ర ముక్క విరిచి వేయకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ రెండూ దానికి విషం.

మీ వారు రాబోయే రోజుల్లో ‘ఎలుకల్ని పడుతుంది కదా, ధాన్యం కొట్లో వదులుదాం’ అంటారేమో, ఒప్పుకోకండి. మన చేలల్లో జింకు ఫాస్ఫైడ్, బ్రొమడియోలోన్ పెట్టని రైతు తక్కువ. ఆ మందు తిన్న ఎలుకను ఇది తింటే ఇద్దరూ ఒకే దారి. అలాగే రబ్బరు చెప్పులు, బొమ్మల ముక్కలు, ఇయర్ ఫోన్ల బుడిపెలు కొరికి మింగి పేగుల్లో అడ్డం పెట్టుకునే అలవాటు దీనికి ఉంది. వాంతులు, తిండి మానేయడం, విరేచనం రాకపోవడం కనిపిస్తే డాక్టరుకు ముందు ఇదే చెప్పండి. పళ్లు పటపట కొరుకుతూ నల్లటి తారులాంటి విరేచనం అయితే కడుపులో పుండు.

టీకాల గురించి ఒక జాగ్రత్త. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వీటికి సోకితే దాదాపుగా బతకవు. అందుకని కుక్కల కలగలుపు టీకా వేసేయమని అడగకండి. అందులో కొన్నింటిలో ఉండే బతికున్న వైరస్ ఫెర్రెట్‌కు అదే జబ్బు తెప్పించగలదు. ఫెర్రెట్‌కు తగినది దొరికితేనే, డాక్టరు చెబితేనే. ఈలోగా వీధి కుక్కలు, బయట తిరిగి వచ్చిన చెప్పులు దాని గూటికి దూరంగా ఉంచడమే మందు. రేబీస్ టీకా చంపిన వైరస్‌తో చేసింది వేయించవచ్చు. ఏ టీకా వేయించినా అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి, కొన్నింటికి వెంటనే వాంతులు, కుదేలవడం లాంటివి వస్తాయి. మన దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు. దోమ ద్వారా వచ్చే గుండె పురుగు ఒకటి రెండు చేరినా అంత చిన్న గుండె ఆగిపోతుంది. గూటికి దోమతెర కట్టండి, నెలనెలా వేసే నివారణ మందు సంగతి అడగండి. బంటికి ఇప్పుడు జబ్బుగా ఉంది కనుక టీకాల ముచ్చట తర్వాత.

ఎక్కడికి తీసుకెళ్లాలంటారా? మీ మండలంలో డాక్టరు నిజాయితీగా ‘ఇది నేను చూడలేదు’ అంటే కోపం తెచ్చుకోకండి, అలా అన్నవాడే నయం. చక్కెర చూడటం, సెలైన్, ప్రెడ్నిసొలోన్ ఆయనే మొదలుపెట్టగలరు. స్కానింగ్‌కు, ఆపరేషన్ ఆలోచనకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోను చేసి ఫెర్రెట్‌ను చూస్తారో లేదో కనుక్కుని వెళ్లండి. రెండు మూడు గంటల ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండ ఎక్కకముందే గుడివాడ దాటుతారు. దారిలో పస్తు ఉంచకండి, డబ్బాలో మాంసం, తేనె సీసా వెంట ఉండాలి. కాళ్లు ఈడ్చేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచితే డాక్టరుకు వంద మాటల పెట్టు. బరువు కూడా రాసిపెట్టుకోండి. చలికాలానికి, ఎండాకాలానికి వీటి బరువు బాగా మారుతుంది కాబట్టి వారంవారం వంటింటి త్రాసులో చూస్తేనే తగ్గుదల పట్టుబడుతుంది.

మనవరాలికి ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ అడిగినట్టే అనిపించింది. బంటికి తాతమ్మ షుగరుకు తల్లకిందుల షుగరు వచ్చిందని చెప్పండి, పిల్లలకు అర్థమవుతుంది. పూతరేకు పెట్టే చేత్తోనే ఉడికిన కోడి ముక్క పెట్టే పని దానికే అప్పగించండి. ఎన్నేళ్లు ఉంటుందని అడిగితే పదిహేనేళ్లు అనకండి. మందు పడితే నీ తర్వాతి పుట్టినరోజుకు ఉండే అవకాశం బాగానే ఉంది, ఆ తర్వాత చూద్దాం అనండి. అంతకంటే ఎక్కువ నేనూ చెప్పలేను.

బయలుదేరే రోజు మీటరు తీసుకెళ్లే ముందు మీ అత్తగారి పొద్దుటి పరీక్ష అయిందో లేదో చూసుకోండి. సాయంత్రం దాకా అది మళ్లీ ఇంటికి రాదు.